ఇంట్లో ఎత్తని ఊసు

తమ్ముడు ఇంట్లో చివరిసారిగా చేసిన పని కుక్కర్ పిడికి మర బిగించడం. "ఇది ఊగుతోందని చెప్పవేం అక్కా? ఎప్పుడో చెయ్యి కాల్చుకుంటావు," అని విసుక్కుని, స్క్రూడ్రైవర్ సొరుగులో పడేసి ఫ్లయింగ్ క్లబ్బుకి బయల్దేరాడు. ఆ మధ్యాహ్నం ఒక క్లాసు ముగించి, ఇంకో క్లాసుకి ముందు, విమానాలు నిలిపే హ్యాంగర్ బయట బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె.

పాలవాడి దగ్గర్నుంచి మందుల షాపువాడి దాకా అందరూ అతన్ని కెప్టెన్ అనే పిలిచేవాళ్లు. అలా పిలవనిది ఇంట్లోవాళ్లే.

ఒకప్పుడు అందరికంటే ఎక్కువగా పిలిచింది కూడా వాళ్లే. బావ కాఫీ అందిస్తూ, "కెప్టెన్ గారూ, వాతావరణం అనుకూలంగా ఉందాండీ?" అనేవాడు. అమ్మ ముందే తేల్చి చెప్పింది: "నువ్వు నడిపే విమానంలో కిటికీ పక్క సీటు నాది. ఇంకెవరికైనా ఇచ్చావో, చెవి మెలిపెడతా."

"కాక్‌పిట్‌కి లోపల గడియ ఉంటుందే అమ్మా!"

"గడియ తీయించడం నాకు తెలుసులే."

పెద్ద విమానాల ఉద్యోగానికి కావలసినన్ని గంటలు ఎగిరిన లెక్క కోసం అతను క్లబ్బు చిన్న విమానం ఒంటరిగా నడుపుతున్న రోజులవి. ఎగిరే ముందు ట్యాంకులో కొలకర్ర ముంచి, పెట్రోలు ఎంతుందో కళ్లారా చూసుకోవాలి. ఒక పొద్దున తొందరలో మీటరు ముల్లునే నమ్మేశాడు. ముల్లు సగం దగ్గర ఇరుక్కుపోయి ఉంది. గాల్లో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కోత అయిపోయిన ఒక పొలంలో దింపేశాడు. చక్రం వంగింది గానీ అతని ఒంటి మీద గీత కూడా పడలేదు. క్లబ్బువాళ్లు విచారణ జరిపి, చీవాట్లు పెట్టి, మళ్లీ శిక్షణ ఇచ్చారు.

అక్కడితో పోవలసిన సంగతి అది. రాత పరీక్ష, సిమ్యులేటరు గట్టెక్కాక, విమాన కంపెనీలో ముగ్గురు పెద్దలు ఎదురుగా కూర్చుని అడిగారు: ఇంతవరకు ఏదైనా పొరపాటు జరిగిందా? ఇంతదూరం వచ్చి ఇక్కడ జారిపోతానేమోనన్న భయంలో అతని నోటి నుంచి 'లేదండీ' అని వచ్చేసింది. వాళ్లకి సంగతంతా ముందే తెలుసు.

సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడే చెప్పాడు. "పొలంలో దిగిన సంగతి వాళ్లకి తెలుసట. నేను లేదన్నాను. కొలకర్ర మర్చిపోయినవాడు జన్మలో మళ్లీ మర్చిపోడు బాబూ, వాణ్ణి తీసుకుంటాం, లేదన్నవాణ్ణి ఏం చేసుకోమంటావు, అన్నాడు పెద్దాయన."

అంతే. లోపలికి వెళ్లి పడుకున్నాడు. అమ్మ వంటింట్లో అక్కనీ బావనీ నిలబెట్టి గొంతు తగ్గించి చెప్పింది: "వాడి ముందు ఆ ఊసెత్తారో, నేనూరుకోను."

ఎత్తలేదు. బావ మర్నాటి నుంచి 'కెప్టెన్ గారూ' మానేసి, మామూలుగా 'ఏరా బావమరిదీ' అనడం మొదలెట్టాడు. టీవీలో విమానం కనబడితే చానల్ మార్చేవాడు. అమ్మ పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. తమ్ముడు క్లబ్బులోనే పిల్లలకి నేర్పే ఉద్యోగంలో కుదురుకున్నాడు. మధ్యమధ్య ఏదో కంపెనీ పిలిచేది. ఇంతకుముందు ఎవరైనా వద్దన్నారా, ఎందుకు అని అడిగితే ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేవాడు. పొలం కథ దాకా తలలూపేవాళ్లు. 'లేదండీ' దగ్గరికి వచ్చేసరికి కలానికి మూత పెట్టేసేవాళ్లు.

ఆఖరుసారి అలా వెళ్లొచ్చిన రోజు అక్కకి బాగా గుర్తు. బూట్లు విప్పి, వంటింటి గడపలో చాలాసేపు నిలబడ్డాడు. జుట్టు అప్పటికే సగం నెరిసింది. "అక్కా," అన్నాడు. ఆమెకి అడగాలనే ఉంది. గాయం కెలికినట్టవుతుందేమోనని, "కాళ్లు కడుక్కురా, వడ్డిస్తా," అంది. అతను తలూపి వెళ్లిపోయాడు.

అతను పోయిన వారానికి ఒక అమ్మాయి ఇంటికొచ్చింది. అతని దగ్గర నేర్చుకుని, ఇప్పుడు పెద్ద విమానాలు నడుపుతోంది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫాంలోనే ఉంది. అక్క పక్కన కూర్చుని చేతులు పట్టుకుంది.

"నాకీ ఉద్యోగం సార్ పెట్టిన భిక్ష అండీ. శిక్షణలో ఒకసారి నేను దారి తప్పి వేరే రన్‌వే మీద దిగాను. ఇంటర్వ్యూలో వాళ్లు అడక్కముందే చెప్పేశాను."

"వాడు చెప్పమన్నాడా?"

"చెప్పమనడమేంటి! మొదటి క్లాసే అదిగా. పొలం కథ. ప్రతి బ్యాచికీ చెప్పేవారు, లేదండీ అన్న దాంతో సహా. కడుపుబ్బ నవ్వించేవారండీ."

"నవ్వించేవాడా?" అంది అక్క. బావ గోడవైపు తిరిగాడు.

"మీరు వినలేదా? ఇంజను దగ్గు ఎంత బాగా దగ్గేవారనీ! మరి ఆ రైతు?"

"ఏ రైతు?"

"విమానం ఆగగానే గట్టు మీంచి పరిగెత్తుకొచ్చాడట. రెక్క మీద చెయ్యేసి, లోపలికి తొంగిచూసి, 'ఎవరింటికొచ్చావు నాయనా?' అన్నాడట."

అక్క ముందుకి వంగింది. "వాడేమన్నాడట?"

"దారిన పోతూ దిగానండీ, కాసిని మంచినీళ్లిస్తారా, అన్నారట."

రైతు గుడిసెలోకి వెళ్లి నిండుగా చెంబెడు నీళ్లు తెచ్చి, తాగేదాకా అతని నెత్తి మీద తన తువాలు గొడుగులా పట్టుకుని నిలబడ్డాడట.