నా ఎడమ చెయ్యి, నాన్న కుడి కాలు

ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికీ నొప్పులు వచ్చేవి, నాకు మాత్రం జబ్బులు వచ్చేవి. నొప్పులు మామ్మ ఆముదంతోనో, అమ్మ కేకలతోనో తగ్గిపోయేవి. జబ్బులు అలా కాదు. వాటికి పేర్లుండేవి, లక్షణాలుండేవి, ఫోనులో వెతికితే రంగుల బొమ్మలతో సహా దొరికేవి. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో కొత్త ఉద్యోగం, మెడలో బిళ్ళ (ఐడీ కార్డుని మా మామ్మ అలాగే అనేది). వాట్‌గంజ్‌లో మా సందు మొత్తానికి ఏసీ గదిలో కూర్చుని పనిచేసే మొదటి ఆడపిల్లని నేనే. అలాంటి దానికి అందరిలాగా మామూలు నొప్పి వస్తే మర్యాదగా ఉంటుందా చెప్పండి?

అందుకే ఒకరోజు ఎడమచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కి, మోచేతి నుంచి కిందికి కరెంటు పాకినట్టు జివ్వుమంటే, అది గుండెపోటేనని నేను క్షణంలో తేల్చేశాను. ఎడమ చెయ్యి కదా! ఫోను కూడా కాదనలేదు. వెంటనే ఎవరికీ తెలియకుండా ఒక వీలునామా రాసుకున్నాను, అదీ ఇంగ్లీషు అక్షరాల తెలుగులో (తెలుగు రాత నాకు సరిగ్గా వచ్చింది ఆ తర్వాతే). నా చెవిదుద్దులు చిన్నాన్న కూతురికి, ఎర్ర కుర్తీ మాత్రం ఎవ్వరికీ ఇవ్వొద్దు అని. మర్నాడు గుండె పరీక్ష చేసిన డాక్టరు కాగితం చూసి, "గుండె భేషుగ్గా ఉంది, నువ్వు కూర్చునే పద్ధతే బాగున్నట్టు లేదు" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు కాస్త నిరాశ కలిగింది.

ఇక మామ్మ రంగంలోకి దిగింది. "నరం పట్టీసిందే గుంటా" అని తేల్చి, పొద్దున ఆముదం మర్దన, సాయంత్రం వేడి ఉప్పు మూట మొదలుపెట్టింది. పది రోజులకి తిమ్మిరి అలాగే ఉంది గానీ ఆఫీసులో నా పక్క కుర్చీలు రెండూ ఖాళీ అయ్యాయి. ఆముదం వాసనకి తట్టుకుని మిగిలింది ఎదురు కుర్చీలోని దీదీ (బెంగాలీలో అక్క) ఒక్కర్తే. ఆవిడ నాకంటే ఐదేళ్ళు పెద్ద, ఏ కష్టానికైనా ఒక వీడియో పంపగల మనిషి. నాకూ పంపింది. తెల్లకోటు డాక్టరు ఒకాయన బల్ల మీద పడుకున్న మనిషి వీపు మీద రెండు చేతులూ ఆనిస్తాడు, 'టప్' మంటుంది, ఆ మనిషి లేచి కన్నీళ్ళతో నవ్వుతాడు. "కైరోప్రాక్టర్. వెన్నెముక సరిచేస్తే చేతులకీ కాళ్ళకీ పాకే నరాల నొప్పులు తగ్గుతాయట. ఇక్కడే, సాల్ట్ లేక్‌లోనే" అంది దీదీ. ఆ టప్పు నేను ఇరవైసార్లు విన్నాను. నా జబ్బుకి తగిన వైద్యం దొరికిందనిపించింది.

ఇంట్లో ఆ వీడియో చూపించగానే నాన్న మొహం మాడిపోయింది. నాన్న డాకులో, అంటే ఓడరేవులో, క్రేన్ నడిపేవాడు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి డాకు పనికొచ్చి ఈ బెంగాలీల ఊళ్ళోనే ఉండిపోయిన కుటుంబం మాది. నాన్నకి మనుషుల మీద కంటే ఇనుము మీద నమ్మకం ఎక్కువ. "ఎవడో ఎముకలిరిసేవోడి దగ్గిరికి ఒక్కర్తివీ ఎల్తావేటి? నానొస్తాను" అన్నాడు. ఆదివారం పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. రెండు బస్సులు, ఒక ఆటో. రెండో బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నాన్న కూర్చోలేదు. "కూకుంటే నిద్దరొచ్చేస్తాది" అన్నాడు. ఈ మధ్య అన్నం కూడా నిలబడే తింటున్నాడు, అప్పుడేమో కూర్చుంటే అరగదన్నాడు. పరుపు వదిలేసి నేలమీద పడుకుంటున్నాడు, ఉక్కగా ఉందన్నాడు (డిసెంబరులో!). ఇవన్నీ నా కళ్ళముందే జరిగాయి. నేను మాత్రం దారంతా నా రెండు వేళ్ళనే చూసుకుంటూ కూర్చున్నాను.

క్లినిక్ ఒక పాత ఇంటి కింది భాగంలో ఉంది. చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికి వెళ్ళాం. వీడియోలో భీముడిలా కనిపించిన డాక్టరు నా భుజం దాకా ఉన్నాడు, కళ్ళద్దాలు, సన్నటి గొంతు. (ఆయన మాట్లాడింది బెంగాలీ. నాన్నకి కూడా బెంగాలీ గడగడా వచ్చు. నేనిక్కడ తెలుగులో చెప్పేస్తున్నాను.) ఆయన నన్ను వెంటనే టప్పుమనిపిస్తాడనుకుంటే అరగంట ప్రశ్నలు వేశాడు. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు, వేళ్ళు విడదీసి బలం చూశాడు. "ఇంట్లో ఎలా కూర్చుని పనిచేస్తావో చూపించు" అన్నాడు. నేను బల్ల మీద బోర్లా పడుకుని, ఎడమ మోచెయ్యి ఆనించి, అరచేతిలో గడ్డం పెట్టుకుని, కుడిచేత్తో లేని మౌసు తిప్పి చూపించాను. ఆయన కాసేపు చూసి, "రోజుకి ఎన్ని గంటలు?" అన్నాడు. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఆరు అన్నాను. "ఆరు గంటలు మోచేతి దగ్గర నరాన్ని నొక్కిపెడితే అది నీకు దండం పెడుతుందా?" అన్నాడు. నా మహాజబ్బు అక్కడితో అయిపోయింది.

అయినా అంత దూరం వచ్చినందుకు, వీపు పైభాగం బిగుసుకుపోయి ఉంది, కాస్త సడలిస్తానన్నాడు. నాన్న తెరకి అవతల నిలబడ్డాడు. "గాలి పీల్చు... ఇప్పుడు వదులు" అన్నాడు డాక్టరు. నేను గాలితోబాటు ఒక కేక కూడా వదిలాను. నొప్పికి కాదండీ, ఆయన ఇంకా నొక్కనే లేదు. ముందుజాగ్రత్తగా అరిచాను. ఆ తర్వాత వినిపించింది టప్పని.

"ఒలమ్మో! ఇరిసేసినాడు! నా గుంటని ఇరిసేసినాడు!"

నాన్న తెరని దాని కడ్డీతో సహా లాక్కుంటూ లోపలికి దూసుకొచ్చాడు. రెండడుగులు బాగానే వేశాడు. మూడో అడుగులో కుడికాలి వేళ్ళు నేలకి తట్టుకుని, మోకాలు మడతపడి, డాక్టరుని వాటేసుకుని నిలువునా కూలాడు. ఇద్దరూ కలిసి బల్ల మీద, అంటే నా మీద పడ్డారు. అప్పుడే సరిచేసిన నా వీపు మీద డెబ్బై కిలోల నాన్న, యాభై కిలోల డాక్టరు, ఒక పూల తెర. అన్నిటికీ మధ్యలోంచి సన్నటి గొంతు, "ఛాడూన్ దాదా, ఛాడూన్!" అని, వదలండి అన్నా మొర్రో అని బతిమాలుతోంది.

ఎలాగో విడివడ్డాక డాక్టరు కళ్ళద్దాలు వెతుక్కుని పెట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. ఆయన నాన్న పాదం వైపే చూస్తున్నాడు.

"దాదా, ఆ కాలు ఎన్నాళ్ళ నుంచి?"

"ఏ కాలు?" అన్నాడు నాన్న.

"ఇప్పుడు తట్టుకున్న కాలు."

"అదా! చెప్పు జారింది."

చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి. ముగ్గురం ఒకసారి అటు చూశాం.

"మడమల మీద నాలుగడుగులు నడవండి" అన్నాడు డాక్టరు. నాన్న ఎడమ పాదం చక్కగా లేచింది. కుడి పాదం లేవలేదు. నాన్న దానికేసి వింతగా చూశాడు. తర్వాత తెలుగులో మెల్లగా, "లెగు... లెగవే" అని దాన్ని బతిమాలాడు. బొటనవేలు కొంచెం వణికిందంతే. అప్పటిదాకా పొట్ట పట్టుకుని నవ్వుతున్న దాన్ని ఆగిపోయాను.

బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాలు కొంచెం ఎత్తగానే నాన్న పళ్ళు బిగించాడు. నొప్పి నడుం దగ్గర మొదలై పిర్ర మీదుగా బొటనవేలి దాకా పాకుతోందట. మూత్రం ఆపుకోవడంలో ఏమైనా తేడా వచ్చిందా అని డాక్టరు అడిగేసరికి నాన్న నాతో, "నువ్వు గోడకేసి సూడు" అన్నాడు. నేను గోడకేసి తిరిగి, వెన్నెముక బొమ్మలో పూసలన్నీ లెక్కపెట్టాను. లేదన్న జవాబు అయితే వినిపించింది. (గోడ చెవులు మూస్తుందని నాన్న అనుకున్నట్టున్నాడు.)

"నడుం దగ్గర నరం నలుగుతోంది, కాలి బలం తగ్గింది. రేపే వెన్నెముక సర్జన్‌కి చూపించి స్కాన్ తీయించండి" అని చీటీ రాశాడు డాక్టరు.

"పిల్లని విరిచారు కదా, నన్నూ ఒక్కసారి విరిచేయండి డాక్టర్‌బాబూ. రేపు డ్యూటీ ఉంది."

"బలం తగ్గిన కాలున్న మనిషి నడుం మీద నేను చెయ్యి వెయ్యను దాదా. వేస్తే నాకు ఇంకో వీడియో దొరుకుతుంది, మీకు కాలు దొరక్కపోవచ్చు."

బయటికొచ్చి అరుగు మీద చెప్పులు వేసుకుంటూ అడిగాను, ఎన్నాళ్ళ నుంచని. దసరా పూజలకి ముందు నుంచి అన్నాడు. అంటే మూడు నెలలు. నాకు కోపం ముంచుకొచ్చి అరవబోయాను. నాన్న తల ఎత్తకుండానే అన్నాడు: "డాకులో తెలిస్తే కిందకి దింపీస్తారమ్మీ. ఇరవయ్యేళ్ళు పైన కూకున్నోడిని. కింద నానేటి సేస్తాను?" ఎప్పుడూ కింద ఉన్న మమ్మల్నందరినీ పైనుంచి చూసుకునే మనిషి, ఆ రెండు మెట్ల అరుగు దిగడానికి నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోవడానికి ఎడమ చెయ్యే దొరికింది. తిమ్మిరి ఉందో లేదో చూసుకోవడం నాకు ఆరోజు గుర్తు రాలేదు.

సర్జన్ స్కాన్ చూసి, సమయానికి వచ్చారన్నాడు. కొన్నాళ్ళు మందులు, వ్యాయామం, వారం వారం కాలి బలం చూడటం, తగ్గకపోతే ఆపరేషన్ అన్నాడు. బలం కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. సర్జన్ ఒప్పుకున్నాకే మా చిన్న డాక్టరు నాన్న మీద చెయ్యి వేశాడు. అదీ మెల్లగా వంచడం, సాగదీయడం, ఇంటి దగ్గర చేసుకునే వ్యాయామాలు నేర్పడం. నాన్నకి అదొక వెలితి. ప్రతిసారీ ఆటోలో సణిగేవాడు: "ఒక్క టప్పయినా నేదు. ఇది కూడా వైద్దిగమేటి?" ఇంట్లో మామ్మ కర్ర పట్టుకుని పక్కన కూర్చుని, నాన్న కాలు ఎన్నిసార్లు ఎత్తాడో లెక్కపెట్టేది. ఆవిడకి లెక్క ఇరవై దాకానే వచ్చు కాబట్టి ఇరవై అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. దాంతో నాన్న ముప్ఫై చేయాల్సింది నలభై చేసేవాడు.

డాకులో విషయం నాన్నే చెప్పాడు, చెప్పక తప్పలేదు. కొన్ని నెలలు కింద నిలబడి, పైనున్నవాడికి చేతులతో సైగ చేసే పని ఇచ్చారు. "ఆడికి సూపు నేదు, సేత నేదు" అంటూ పైనున్నవాణ్ణి రోజూ ఇంటికొచ్చి తిట్టేవాడు. నా చెయ్యి సంగతా? లాప్‌టాప్ బల్ల మీదికి మారింది, నేను కుర్చీలోకి మారాను. రెండు వారాల్లో తిమ్మిరి వెళ్ళిపోయింది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆఫీసులో మీటింగు జరుగుతోంది. నాన్న ఫోను. పని వేళలో ఎప్పుడూ చెయ్యడు. అందరి ముందే ఎత్తాను.

"ఎక్కీసినానమ్మీ" అన్నాడు.

"ఏం ఎక్కావు?"

"క్రేను. సర్జన్ కాయితం సూసి, డాకు డాక్టరు సరేనన్నాడు. ఎక్కి, పని సేసి, దిగీసినాను కూడా. ఇప్పుడు టీ తాగతన్నాను. ఉంటాను మరి."

బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. అద్దంలో చూసుకుంటే కాటుక చెంపల దాకా వచ్చేసింది. మొహం కడుక్కుని తిరిగి వచ్చేసరికి మేనేజరు ఏమైందన్నాడు. జలుబు అన్నాను. దీదీ ఆ నిమిషంలోనే జలుబుకి మూడు వీడియోలు పంపింది.

ఇన్నేళ్ళ తర్వాత, ఎర్రబడ్డ ముక్కుతో గంభీరంగా కీబోర్డు ముందు కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "జలుబెందుకే పిచ్చిదానా, మా నాన్న క్రేన్ ఎక్కాడని చెప్పు, అందరూ సంతోషిస్తారు" అనాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదులెండి. అంత సంతోషాన్ని నలుగురి ముందూ ఎలా పట్టుకోవాలో దానికి ఇంకా తెలీదు. ముక్కు తుడుచుకుని, "సారీ, కానివ్వండి" అంది. మీటింగు కానిచ్చారు.