అనుమతి లేని నంబర్లు

మా ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌కీ నెట్‌వర్క్ నంబరు ఇచ్చేది ఒక్క సర్వరే. దాన్ని చూసుకునే పెద్దాయనను అందరూ నంబర్ల బాబాయి అనేవారు. "నా సర్వర్ లేకపోతే ఇక్కడ ఒక్క మిషనూ నోరు విప్పదు" అంటూ ఆయన రోజూ మీసం దువ్వేవాడు.

ఒక సోమవారం సర్వర్ ఆగిపోయింది. ఇక అందరూ తనను బతిమాలుకుంటారని ఆయన హుషారుగా టైపిస్టుల గదికి వెళ్లాడు. అక్కడ ఇంటర్నెట్ లేదు గానీ, కంప్యూటర్లు ఒకదానికొకటి ఫైళ్లు పంపుకుంటున్నాయి.

"వీటికి నంబర్లెవరిచ్చారమ్మా?"

"ఎవరూ ఇవ్వలేదు బాబాయ్," అంది ఒక టైపిస్టు. "ఈ నంబరు ఎవరికైనా ఉందా అని పక్కవాటిని అడిగి, లేదని తేలాక అవే పెట్టేసుకున్నాయి."

బాబాయి మొహం మాడిపోయింది. సొంతంగా పెట్టుకున్న నంబర్లు చెల్లవని అప్పటికప్పుడు ఆమె చేతే ఉత్తర్వు టైపు చేయించాడు. అది గదిలో అందరికీ ఆ నంబర్ల మీదుగానే చేరింది.