పుండుకు అంటని గుడ్డ

నా చిన్నప్పుడు ఒక వేసవి అంతా కిటికీ పక్కన మంచం మీదే గడిచిపోయింది. గంజి వారుస్తుంటే గిన్నె జారి, కుడికాలు మోకాలి కింద కాలింది. అప్పటికి అమ్మ పోయి ఏడాది కూడా కాలేదు. పురసవాక్కం పేటలో నాలుగైదు కుటుంబాలు కలిసి ఉండే ఇంట్లో మాదొక వాటా. నాన్నకు నగరం చివర మనలిలో ఫ్యాక్టరీ పని. పొద్దున్నే పెరుగన్నం, నీళ్ల చెంబు నా చేతికి అందేలా పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లేవారు. బయట పిల్లల కేకలు వినపడేవి. మొదట్లో వాళ్లు కిటికీ దగ్గరకొచ్చి పలకరించేవాళ్లు, తర్వాత మరిచిపోయారు. ఆటలో లేనివాళ్లు పిల్లలకు గుర్తుండరు కదా.

ఒంటరిగా ఉండటం కన్నా కట్టు మార్చే రోజంటే నాకు ఎక్కువ భయం. గుడ్డ పుండులోని రసి పీల్చుకుని, ఎండి, కొత్తగా వస్తున్న చర్మానికి అతుక్కుపోయేది. ఆసుపత్రిలో నర్సమ్మ మంచిదే, కానీ ఆమె ముందు పెద్ద వరుస ఉండేది. ఒక్క లాగు లాగేది. నాన్న గోడవైపు తిరిగి నిలబడేవారు. ఇంటికొచ్చాక కూడా నా ముఖంలోకి చూసేవారు కాదు. ఒకే ఇంట్లో ఉన్నా మేమిద్దరం ఎవరికి వాళ్లమే అయిపోయాం.

మేడ మీద గదిలో ఒక అక్క అద్దెకుండేది. చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ రసాయన శాస్త్రంలో పరిశోధన చేసేది. ఆమెకూ ఈ ఊళ్లో నా అనేవాళ్లు ఎవరూ లేరు. ఒక సాయంత్రం నా ఏడుపు విని దిగొచ్చింది. కట్టు సంగతంతా విని, మర్నాడు స్టీలు పళ్లెంలో రెండు గుడ్డముక్కలు తెచ్చింది.

"పత్తి గుణమే అంత పాపా. తడి పీలుస్తాది, ఎండితే పట్టుకుంటాది. ఆ గుణాన్ని కొంచెం మార్చాలని చూస్తా ఉండాం," అంది.

రెండింటి మీదా ఉప్పునీళ్లు పోసింది. ఒకటి మామూలుగా తడిసి పళ్లేనికి అంటుకుంది. రెండోది నెమ్మదిగా ఉబ్బి, తాటిముంజెలా మెత్తగా, నిగనిగలాడుతూ మారింది. అక్క వేలితో తీస్తే జారి వచ్చేసింది.

"నాకు అదే కట్టక్కా," అన్నాను.

ఆమె పళ్లెం పక్కకు జరిపింది. "కట్టకూడదమ్మా. దీన్ని కాస్టిక్ సోడాలో, యాసిడ్‌లో నానబెట్టినాం. కడిగితే అదంతా పోయిందో లేదో నాకే ఇంకా తెలీదు. తెలీకుండా నీ కాలి మీద ఎట్ల పెట్టేది?"

"మరెందుకు చూపించావు?"

"నువ్వు ఈడ ఒక్కదానివే ఉండావని తెచ్చినా. నీకు ఆశ పుడతాదని అనుకోలేదు."

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇక వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. దీపాలు పెట్టే వేళ నాన్న వచ్చేదాకా మంచం పక్కన నేల మీదే కూర్చుంది.

ఆ తర్వాత నాన్నతో కలిసి ఆసుపత్రికి వెళ్లి, ఇంట్లోనే కట్టు మార్చడానికి డాక్టరుగారి అనుమతి తీసుకుంది. ఎలా చేయాలో నర్సమ్మను అడిగి నేర్చుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో నా దగ్గర కూర్చుంది.

"నేను లాగను. అదే వదిలేదాకా ఈడనే ఉంటా," అంది.

దూదితో చుక్క చుక్కగా తడపసాగింది. నాన్న అలవాటుగా గోడవైపు తిరిగారు.

"అన్నా, ఈ గిన్నె కొంచెం పట్టుకోండి. నాకు రెండు చేతులూ కావాల," అంది అక్క.

గిన్నె పట్టుకుంటే ఇటు తిరగక తప్పదు. నా కాలిని నాన్న సరిగ్గా చూడటం అదే మొదటిసారి. ఆయన గిన్నెను నా కాలికి దగ్గరగా జరిపారు. గుడ్డ ఒక అంచు వదిలింది, కాసేపటికి ఇంకో అంచు. ఎండ కిటికీ దాటిపోయింది. చివరికి గుడ్డంతా ఊడి అక్క చేతిలోకి వచ్చేసింది. నొప్పి లేదనలేను, కానీ అరుపు రాలేదు. ఆ రోజు నాన్న పళ్లెం తెచ్చుకుని నా మంచం మీదే కూర్చుని అన్నం తిన్నారు.

కాలు మానింది. వేరే ఊళ్లో ఉద్యోగం రావడంతో అక్క వెళ్లిపోయింది. ఆమె గుడ్డ పరీక్షల్లో నెగ్గిందో లేదో నాకు తెలియలేదు. అలాంటివి ఇప్పుడు మందుల షాపుల్లో దొరుకుతున్నాయి. వాటిలో ఆమె పని ఎంతో చెప్పగలిగేవాళ్లు నాకెవరూ తెలియదు.

చాలా ఏళ్ల తర్వాత, ఆఖరి రోజుల్లో, నాన్న ఆసుపత్రి మంచం మీద నుంచి ఇంటికి తీసుకుపొమ్మని అడిగారు. డాక్టర్లు వీల్లేదన్నారు. రేపు పోదామని అబద్ధం చెప్పడం తేలికే. "తీసుకెళ్లలేను నాన్నా," అని చెప్పాను. ఆయన ముఖం తిప్పేసుకున్నారు. నేను స్టూలు దగ్గరకు లాక్కుని అక్కడే కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన చెయ్యి నా చేతి కోసం వెతికింది.

ఈ వయసులో నన్ను వచ్చి ఏదైనా అడిగేవాళ్లు తక్కువే. ఇవ్వలేనిదైతే ఇవ్వలేనని చెప్పేస్తాను. చెప్పాక మాత్రం వెంటనే లేచిపోను.