సీతాఫలపు కలశం

మొన్న హైదరాబాదులో పంటి డాక్టరు కోసం వెళ్లిన పెద్ద భవనం ముందు, పొద్దుతిరుగుడు గింజల వరుసల్లా చుట్లు తిరిగిన లోహపు బొమ్మ ఒకటి నిలబెట్టి ఉంది. జనం దాని పక్కన వంతులవారీగా ఫొటోలు దిగుతుంటే, నేను పంటినొప్పిని కాస్త పక్కన పెట్టి మా మేనమామను తలచుకున్నాను. నొప్పికి నొప్పి, పెద్ద తేడా ఏమీ లేదు.

పందొమ్మిది వందల యాభైల్లో ఆదోనిలో మా మామ ఇత్తడి పోతపని చేసేవాడు. దీపాలు, గంటలు, నందులు అందరిలాగే పోసేవాడు గానీ, మనిషికి కాయల పిచ్చి. సీతాఫలం చేతికొస్తే దాని కళ్ల వరుసలు ఇటు ఎనిమిది, అటు పదమూడు అని ఎంచుకుంటూ కూర్చునేవాడు. "కాయ తినేదానికా, ఎంచేదానికా?" అనేది మా అత్త. ఆయన ఎంచడం ముగిసేసరికి కాయ ఎలాగూ మెత్తబడి ఉండేది కనుక ఇద్దరి మాటా నెగ్గేది.

అలాంటి మనిషికి ఎమ్మిగనూరు సాలెవీధి గుడికి కలశం పోసే పని వచ్చింది. మా వైపు అలాంటి పనికి ఇత్తడి కొనరు. ఇంటింటా సొట్టపోయిన చెంబో, పగిలిన గంటో ఇస్తే, అంతా ఒకే కొలిమిలో కరిగి దేవుడి నెత్తికెక్కుతుంది. మామ జన్మలో అంత ఇత్తడి ఒక్కసారిగా చూడలేదు. అందరూ చేసినట్టే చేసి చేసి విసిగిపోయి, తను కళ్లతో చూసింది ఒక్కటైనా పైన నిలబడాలని, పద్మరేకులు ఉండవలసిన చోట ఆ ఎనిమిది, పదమూడు వరుసలనే మైనంలో తిప్పి పోతపోశాడు. ఎండలో పెడితే వెలుగు కింది నుంచి పైకి చుట్టుకుంటూ పాకింది. అంత అందమైన వస్తువు మా వంశంలో ఎవరూ చేయలేదు, నాతో సహా.

"ఏందప్పా ఇది, దేవుని నెత్తిన సీతాఫలం పెడితే కోతులు రావా?" అన్నాడు గుడి పెద్దల్లో ఒకాయన. నవ్వు మొదలయ్యాక న్యాయం ఎటు పోతుందో మన తరానికి తెలియనిది కాదు. అప్పుడు నేను అనంతపురంలో గణితం చదువుతూ, సెలవులకు వచ్చి అక్కడే ఉన్నాను. "ఇందులో ఏదో లెక్క ఉండాదంటివే అల్లుడా, పెద్దోళ్లకు సెప్పు" అన్నాడు మామ. మొక్కల్లో ఆ అంకెలే ఎందుకొస్తాయో సాయంత్రం దాకా చెప్పాను. గణితానికి ఆ వీధిలో అంత పలుకుబడి లేదు.

"మా యమ్మ సెంబు ఇందులోనే ఉండాదప్పా, కోతులకియ్యల్నా? మాది మాకిచ్చెయ్" అంది ఒకామె. అంతటితో తీర్పు అయిపోయింది.

ఎవరి ఇత్తడి వారికివ్వాలంటే దారి ఒకటే. మామే సుత్తితో ముక్కలు చేసి, మామే కొలిమి రాజేసి, ఇంటింటికీ చెంబులు పోశాడు. నున్నటి చెంబులు. చాలా బాగున్నాయన్నారందరూ, ఆయన బతుకులో అందుకున్న మెప్పు అదే. ఆ తర్వాత సీతాఫలం ఇస్తే మా అందరిలాగే గింజలు ఉమ్ముతూ తినేవాడు.

స్టీలు గిన్నెలు వచ్చిన రోజుల్లో ఆ చెంబులన్నీ పాతసామాన్లవాడి తక్కెడెక్కి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఇంటింటా కలిసి ఇచ్చేంత ఇత్తడీ లేదు, ఇచ్చింది వెనక్కి అడిగే చనువూ లేదు. ఆ కలశం మళ్లీ కరిగి ఏ ఊళ్లో కుళాయై కారుతోందో. ఎవరైనా కాస్త గట్టిగా బిగిస్తే బాగుండును.