పోయిన తలనొప్పి

నా బుర్రలో ఏదో కదులుతోందని మొట్టమొదట నమ్మిన మనిషి భిలాయి-3లో ఉండే ఒక రిటైర్డు రైల్వే నర్సు. అంతకుముందు మా ఆఫీసులో ఎవరికీ ఆ అనుమానం రాలేదు.

తొంభైల నడుమ మాట. మా ఆయన పోయాక భిలాయి ఉక్కు ప్లాంటువాళ్ళు ఆయన బదులు నాకు ఉద్యోగం ఇచ్చారు. వచ్చిన ఉత్తరాల మీద నంబరు వేసి, ఏ సెక్షనుకి వెళ్ళాల్సినవి ఆ సెక్షనుకి పంపడం నా పని. సెక్టర్ 7 క్వార్టర్లోనే ఉండనిచ్చారు. పిల్లల్లేరు. తల దాచుకోవడానికి చోటుంది కానీ, సాయంత్రమయ్యేసరికి ఆ తలకి కణతల దగ్గర మేకులు దిగేవి. ఆఫీసులో అందరికీ తల్లో నాలుకలా ఉండేదాన్నని చెప్పుకోలేను. నాలుక పెద్దగా ఆడేది కాదు, తల ఊరుకునేది కాదు.

ప్లాంటు ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి తలలో ఏమీ లేదన్నారు. సంతోషించాలో చిన్నబుచ్చుకోవాలో తెలియలేదు. కళ్ళజోడు మార్చుకోమని రాసిచ్చారు. పక్క క్వార్టరు పిన్నిగారేమో, భిలాయి-3లో ఒక సిస్టరమ్మ ఉందనీ, ఊరికే తల పట్టుకుని కూర్చుంటుందనీ, తన మెడనొప్పి అలాగే పోయిందనీ చెప్పింది. తల పట్టుకుని కూర్చోవడం నాకూ వచ్చు కదా అన్నాను.

"నీ తల నువ్వు పట్టుకోడం కాదమ్మా" అంది.

సిస్టరమ్మ తల్లిదండ్రులు విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్ళు. ఆవిడ ఇక్కడే పుట్టింది. ఎప్పుడో మిషను ఆసుపత్రికి వచ్చిన ఒక విదేశీ నర్సు దగ్గర ఈ విద్య నేర్చుకుందట. క్రేనియోసేక్రల్ అంటారంది. నాకు నోరు తిరగడానికి రెండు ఆదివారాలు పట్టింది. పుర్రె నుంచి వెన్ను చివరిదాకా లోపల నీరుంటుందట, అది మెల్లగా పొంగుతూ తగ్గుతూ ఉంటుందట. ఆ కదలికని చేతులతో వింటే చాలట. నొక్కడాలు, రుద్దడాలు, విరవడాలు లేవు. రూపాయి బిళ్ళంత బరువుకి మించి చెయ్యి ఆనకూడదు. డాక్టరు రిపోర్టు చూడందే మంచమెక్కనిచ్చేది కాదు. మాత్రలు మానమని ఎవరికీ చెప్పేది కాదు. డబ్బు ముట్టేది కాదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, మూడు గంటలకి నన్ను రమ్మనేది. టెంపోలో వెళ్ళేదాన్ని. ముందుగదిలో చెక్కమంచం, దాని మీద కంబళి. నేను వెల్లకిలా పడుకుంటే, తల దగ్గర స్టూలు వేసుక్కూర్చుని రెండు అరచేతులూ నా తల కింద పెట్టేది. అంతే, అరగంట. పక్కన గూడ్సుబండి వెళ్తే మంచం వణికేది, ఆ చేతులు వణికేవి కావు. మొదటిరోజు ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా ఒక మనిషి నా తల బరువు మోస్తూ కూర్చోవడమే నాకు కొత్త. చివర్లో చేతులు తీసి అడిగేది: "ఏటమ్మా, ఎలాగున్నాది? ఉన్నాదా, పోయిందా?"

నాలుగో ఆదివారం నొప్పి పోయింది. ఆ నెలలోనే కొత్త కళ్ళజోడు కూడా వచ్చింది కాబట్టి, ఘనత ఎవరిదో నాకిప్పటికీ తెలియదు. లేచి కూర్చుని, పోయిందని చెప్పబోయాను. పోయిందంటే వచ్చే ఆదివారం రానక్కర్లేదు. "ఉంది సిస్టరమ్మా, కొంచెం" అన్నాను.

అలా దసరాకి ముందు పోయిన నొప్పిని హోళీదాకా మోశాను. ఎప్పుడూ ఒకేచోట ఉంటే అనుమానం వస్తుందని, దాన్ని కుడి కణత నుంచి ఎడమ కణతకి, అక్కణ్ణుంచి మెడకి బదిలీ చేస్తుండేదాన్ని. ఏది ఏ సెక్షనుకి పంపాలన్నది నాకు తెలిసిన పనే కదా.

హోళీ వెళ్ళిన ఆదివారం సిస్టరమ్మ అరగంట కాకుండానే చేతులు తీసేసింది. ఏమీ అడగలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ, ఇంక ఈ పని మానేస్తానంది. వయసు మీదపడి చేతులకి వినికిడి తగ్గిందట. నా తరవాత నాలుగింటికి రుఆబాంధా నుంచి దవడనొప్పితో ఒకావిడ వచ్చేది. ఆవిడకి రావద్దని చెప్పేసిందట. మిగతావాళ్ళకీ చెప్పేసిందట.

"నీ తల పట్టుకుంటే నాకంతా సాఫీగానే తెలుస్తాది. నువ్వేమో ఉందంటావు. మరి అబద్ధం నా చేతులదే గదా. నిన్ను మాత్రం సగంలో ఒగ్గెయ్యను. నీకు తగ్గీదాకా నీ ఒక్కదానికీ చేస్తాను. తరవాత బస్, ఇంక చాలు."

ఆ వారమంతా ఉత్తరాల మీద నంబర్లు తప్పుగా వేశాను. ఊరుకుంటే ఆ చేతులు నాకొక్కదానికే. ఎన్నాళ్ళైనా. ఆ ఆలోచన నాకు బాగానే నచ్చిందని ఒప్పుకోవాలి. కానీ రిటైరయ్యాక ఆవిడకి మిగిలిన పని అదొక్కటే, దాన్ని నేను ఆవిడ చేతుల్లోంచి లాగేస్తున్నాను.

తరవాతి ఆదివారం మంచమెక్కకుండా గుమ్మం దగ్గరే నిలబడి, నొప్పి లేదని చెప్పాను. ఎప్పుడు పోయిందని అడిగింది. నాలుగో వారమన్నాను.

"వారం వారం నీ తల కోసం ప్రార్థన చేశాను. లేని నొప్పికి దేవుణ్ణి ఇబ్బంది పెట్టించీవు. మరేటికని వచ్చీవు ఇన్నాళ్ళూ?"

వచ్చేటప్పుడు టెంపోలో కూర్చుని నాలుగైదు జవాబులు తయారుచేసుకున్నాను. వాటిలో లేనిదే చెప్పాను.

"నన్ను ముట్టుకునేవాళ్ళెవరూ లేరు సిస్టరమ్మా."

ఆవిడ లేచి నా దగ్గరికి వస్తుందనుకున్నాను. రాలేదు. మంచం మీది కంబళి తీసి దులిపి, మళ్ళీ పరిచింది. అది కోపమో ఊరటో వీపు చూసి పోల్చుకోలేకపోయాను. అటు తిరిగే, ఇది నొప్పి ఉన్నవాళ్ళ మంచమంది. రుఆబాంధా ఆవిడ ఇంటి గుర్తులు చెప్పి, వచ్చే ఆదివారం మూడింటికి తప్పకుండా రమ్మన్నానని చెప్పమంది. మూడు గంటల వేళ ఇన్నాళ్ళూ నాది. అది నాకు అర్థమైంది.

ఆ సాయంత్రమే రుఆబాంధా వెళ్ళాను. తలుపు తీసినావిడ దవడ చుట్టూ తువ్వాలు కట్టుకుని ఉంది. సిస్టరమ్మ మళ్ళీ రమ్మందని చెప్పాను. మరి మీకెలా ఉందండీ అని నోరు సగమే తెరిచి అడిగింది. పూర్తిగా తగ్గిపోయిందన్నాను. అంత సంబరపడుతుందనుకోలేదు.

"మీకు తగ్గిందంటే నాకూ తగ్గుతుందండీ" అంటూ నా చెయ్యి తన రెండు చేతులతోనూ పట్టేసుకుంది. వెచ్చగా ఉన్నాయి, పిండి కలుపుతూ లేచి వచ్చినట్టుంది. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఎంతసేపు ఉంచాలో నేను మరిచిపోయాను. కూర్చోండి, టీ పెడతాను అని ఆవిడ అంటుండగానే, పనుందని చెప్పి చెయ్యి లాక్కున్నాను. అప్పటికి అయిదు కూడా కాలేదు. నాకే పనీ లేదు.