మెట్లకు మైలేంది?

పోయిన మంగళవారం పొద్దున మా పై ఇంటి పెద్దమ్మ పోయింది. వాళ్ల కోడలు చెప్పులైనా వేసుకోకుండా దిగివచ్చి, "అక్కా, అత్తమ్మ లేస్తలేదు" అంది. మేం పైకి వెళ్లేసరికే అంతా అయిపోయింది. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. పంజాగుట్టలో మాది చిన్న అపార్ట్‌మెంట్. అంతస్తుకు ఒకటే ఇల్లు, లిఫ్టు లేదు. ఎవరు ఎవరిని కలిసినా మెట్ల మీదే.

పెద్దమ్మ అంటే చుట్టం కాదు. మేం కోస్తా నుంచి వచ్చినవాళ్లం, ఆమెది సిద్దిపేట వైపు. మొదట్లో నేను ఆంటీ అని పిలిస్తే, "ఆంటీ ఏంది, పెద్దమ్మ అను. నోరేం అరగదు" అంది. యూసుఫ్‌గూడలో ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. పక్కన రేడియో మోగుతుంటే కుట్టీ కుట్టీ, పాట వినపడితే చాలు, కుడికాలు మిషను తొక్కుతున్నట్టు దానంతటదే ఆడేది.

మా నాన్న చనిపోయాక ఏడాది పాటు మా ఇంట్లో పాట మోగలేదు. అది ఆచారం. ఏడాది తిరిగింది, సంవత్సరీకం పెట్టాం. ఆ తర్వాత కూడా అమ్మ పాట పెట్టనివ్వలేదు. "ఇప్పుడేం పాటల్లే" అనేది. నాన్న ఉండగా ఇద్దరూ సాయంత్రాలు పాటలు పెట్టుకుని, ఏ చరణం ముందో ఏది వెనకో అని పై ఇంటికి వినపడేలా పోట్లాడుకునేవారు. ఇప్పుడు అమ్మ తినేది, పడుకునేది, అడిగితే జవాబు చెప్పేది, అంతే. ఏం చేయాలో నాకు తెలియలేదు, తెలుసుకునే ఓపికా లేదు. మైత్రీవనంలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. రోజంతా వాగి వచ్చాక, ఇల్లు నిశ్శబ్దంగా ఉండడమే నాకు సుఖంగా ఉండేది. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఒకరోజు ఇంటికి వచ్చేసరికి మా గుమ్మం ఎదుట, పైకి వెళ్లే మెట్ల మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో చిక్కుడుకాయల చాట, పక్కన చిన్న స్పీకరు, అందులో ఏదో పాత పాట. మా తలుపు వేసి ఉంది.

"పెద్దమ్మా, ఇది నడిచే దారి. మీ ఇంట్లో పెట్టుకోకూడదా?" అన్నాను విసుగ్గా.

ఆమె కోప్పడలేదు. మోకాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చింది. "నీ కోసం గాదు బిడ్డా, మీ అమ్మ కోసం. ఇంట్ల పాట వద్దంటున్నది గద. మెట్లు మీ ఇల్లు గాదు, మా ఇల్లు గాదు. మెట్లకు మైలేంది?"

మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. పాటతో పాటు తనూ పాడేది. గొంతు అంతంతమాత్రం. పైగా చివరి చరణం తెచ్చి మొదటి చరణం మీద వేసేది. పదో రోజో పన్నెండో రోజో, మూసిన తలుపు వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"వదినగారూ, ఆ చరణం ఇక్కడ కాదండీ. చివర్లో వస్తుంది."

"అట్లనా వదినా? నాకేమెరుక. జర బయటికొచ్చి చెప్పు."

అమ్మ తలుపు తీసింది. ముందు గుమ్మం లోపల పీట వేసుకుంది, వారం తిరిగేసరికి మెట్టు మీదికి చేరింది. కావాలనే తప్పు పాడావు కదా అని పెద్దమ్మను ఎన్నిసార్లు అడిగానో. "నాకు పాటలు సక్కగ ఎన్నడొచ్చినయి?" అని నవ్వేదే తప్ప సంగతి తేల్చేది కాదు.

తర్వాత కింది ఇంటి దంపతులూ వచ్చి చేరారు. మనిషికొక పాట. వాళ్లు కొత్త పాటలు పెడితే అమ్మ మొహం చిట్లించేది. "నచ్చకుంటే చిక్కుడుకాయ తెంపు వదినా, పాట తెంపకు" అనేది పెద్దమ్మ. రెండేళ్లు అలా సాగింది. నేను మాత్రం వాళ్లందరినీ దాటుకుంటూ లోపలికి పోయేదాన్ని. మా అమ్మను మళ్లీ మనిషిని చేసిన ఆమె పక్కన ఒక్క సాయంత్రం కూర్చోలేదు, ఆ మాట ఆమెతో అననూ లేదు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

పెద్దమ్మను తీసుకెళ్లిన సాయంత్రం అమ్మ తలుపు వేసుకుంది. మర్నాడూ తీయలేదు. మళ్లీ ఆ రోజులేనా అనుకున్నాను. మూడో రోజు నా క్లాసు ఇంకొకరికి అప్పగించి పెందరాళే వచ్చాను. అమ్మ మెట్టు మీద ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. "ఇంక పాటలు మానేస్తావా అమ్మా?" అని అడిగేశాను.

"మానేస్తానని ఎవరన్నారు? దినాలు అయ్యేదాకా పైవాళ్లకు వినపడకూడదు, అంతే." నా బ్యాగు వైపు చూసి, "అవునూ, నువ్వు దారిలో చెవుల్లో పెట్టుకుని ఏం వింటుంటావే? ఇన్నేళ్లూ అడగనే లేదు" అంది.

బ్యాగులోంచి ఇయర్‌ఫోన్స్ తీసి ఒకటి అమ్మ చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టాను. అమ్మకు అలవాటు లేదు, రెండుసార్లు జారిపోయింది. తీగ పొట్టిది కావడంతో నా వైపు ఒరిగి, తల నా భుజానికి ఆనించింది. పాట అయిపోయింది. అమ్మ మాత్రం చెవిలోది తీయకుండా, భుజం మీంచి తల ఎత్తకుండా అలాగే కూర్చుంది. నేను ఇంకో పాట పెట్టాను.