నీరజ వంతు

మొన్న పాపను తీసుకురావడానికి వాళ్ల మాంటిస్సోరి బడికి వెళ్తే, గది కిటికీలన్నీ మూసి ఉన్నాయి. లోపల మౌనం ఆట. పక్క గదిలోంచి టీచరు గుసగుసగా ఒక్కో పేరు పిలుస్తున్నారు.

తిరుచానూరులో చిన్నప్పుడు నేనూ ఆ ఆటే ఆడాను. పేరు వినబడినవాళ్లు చప్పుడు చేయకుండా లేచి, టీచరమ్మ చెయ్యి తాకి వరండాలోకి పోవాలి. ఎవరొచ్చారో చూడకుండా ఆమె గోడవైపు తిరిగి, చెయ్యి వెనక్కి చాపి నిలబడేది.

నా పక్క చాప నీరజది. జ్వరమొచ్చి పది రోజులుగా రావడం లేదు. "నాయుడుపేటలో వాళ్లవ్వ కాడికి పోయిండాది," అని అమ్మ చెప్పింది.

ఆ రోజు మసక గదిలోంచి పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోయి, చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. అప్పుడు వినబడింది.

"నీరజా."

చాప ఖాళీగానే ఉంది. ఆమె మళ్లీ పిలిచింది. వంతు పోయిందని తెలిస్తే నీరజ ఏడుస్తుందని, దాని బదులు నేనే లేచి వెళ్లాను. చాపిన చేతిలో నా చెయ్యి పెట్టాను.

ఆమె తిరగలేదు. నా వేళ్లు గట్టిగా పట్టుకుంది.

"వచ్చినావా, నీరజా."

ఆటలో మాట్లాడకూడదు. నేను మాట్లాడలేదు.

నీరజ ఏ ఊరికీ పోలేదనీ, ఆ జ్వరంలోనే చనిపోయిందనీ నాకు చాలా ఏళ్లకు తెలిసింది. టీచరమ్మకు ఆ రోజే తెలుసు.